సముద్రపు అంచున ఇంజన్ ఇళ్లు

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో బొటాలక్ అనే చోట కొండ నిట్టనిలువుగా అట్లాంటిక్ సముద్రంలోకి దిగిపోతుంది. ఆ కొండవాలులో, అలలకు కాస్త ఎగువన, ఒకదాని పైన ఒకటిగా రెండు రాతి కట్టడాలు నిలబడి ఉన్నాయి. వాటికి పైకప్పు లేదు, కిటికీలకు తలుపుల్లేవు. గోడను ఆనుకుని ఒక్కో పొగగొట్టం మాత్రం ఉంది. దూరం నుంచి చూస్తే పాత కోట బురుజుల్లా కనిపించే ఇవి నిజానికి గని కట్టడాలు. గనిలో ఊరే నీటిని తోడే ఇంజన్ కోసం కింది కట్టడాన్ని 1835లో లేపారు. పై కట్టడం దాదాపు పాతికేళ్ల తరవాతది. ఖనిజాన్ని పైకి లాగే ఇంజన్ దానిలో ఉండేది. ఇలాంటి ‘ఇంజన్ ఇళ్లు’ కార్న్‌వాల్‌లోనూ పక్కనున్న పశ్చిమ డెవన్‌లోనూ 200కు పైగా మిగిలాయి.

కొండ అంచున గని ఎందుకు తవ్వారన్న ప్రశ్నకు ఆ కొండే జవాబు చెబుతుంది. ఇక్కడ నల్లరాయి, పలకరాయి పొరల్లోకి గ్రానైటు చొచ్చుకువచ్చింది. అవి కలిసే చోట పగుళ్లలో తగరం, రాగి ఖనిజాలు పట్టీలుగా పేరుకున్నాయి. ఆ పట్టీలు నేలమీద ఆగలేదు, సముద్రం కిందికి సాగిపోయాయి. అలలు కొండను కోసిన చోట వాటి అంచులు బయటపడి, ఆకుపచ్చ, తుప్పు ఎరుపు చారలుగా కనిపించేవి. వెదకబోయిన వాడికి దారి చూపే గుర్తులు అవే. ఇక్కడి గనుల పేర్లు చాలావరకు ‘వీల్’ అనే మాటతో మొదలవుతాయి: వీల్ కోట్స్, వీల్ ఔల్స్, వీల్ ట్రవావస్. కార్నిష్ భాషలో ఆ మాటకు పనిచోటు అని అర్థం. చక్రానికీ దానికీ సంబంధం లేదు.

తవ్వకం లోతుకు పోయేకొద్దీ నీరు ఊరుతుంది. ఆ నీటిని తోడలేకపోతే గని మూతపడ్డట్టే. థామస్ న్యూకమెన్ 1712లో ఆవిరి ఇంజన్‌ను పనిలోకి దించాడు. జేమ్స్ వాట్ 1769లో పేటెంటు పొందిన మార్పుతో బొగ్గు ఖర్చు బాగా తగ్గింది. కార్న్‌వాల్‌లో బొగ్గు దొరకదు, వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. కాబట్టి ప్రతి బొగ్గు గంపకూ లెక్క ఉండేది. వాట్ కంపెనీ తన ఇంజన్ వల్ల ఆదా అయిన బొగ్గు విలువలో మూడో వంతు వసూలు చేసేది. పేటెంటు 1800లో ముగియగానే స్థానిక ఇంజనీర్లకు చేతులు విడిపోయాయి. ఎక్కువ ఒత్తిడి గల ఆవిరిని రిచర్డ్ ట్రెవితిక్ పనికి పెట్టాడు. ఏ గని ఇంజన్ ఎంత బొగ్గుకు ఎంత నీరు తోడిందో 1811 నుంచి నెలనెలా అచ్చువేసి ప్రకటించారు. అందరి కళ్ల ముందూ అంకెలు ఉండడంతో ఇంజనీర్ల మధ్య పోటీ పెరిగింది, ఇంజన్ మెరుగుపడింది. కొండ మీది గోడలను అర్థం చేసుకోవాలంటే ఈ ఇంజన్ ఎలా పనిచేసేదో చూడాలి.

తెలుగు పల్లెల్లో బావి నీళ్లు తోడే ఏతాన్ని ఎరిగినవారికి ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. ఏతంలో ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. ఇక్కడ ఏతపు మాను స్థానంలో పోత ఇనుప దూలం ఉంటుంది. అతి పెద్ద ఇంజన్లలో దాని బరువు 50 టన్నుల దాకా ఉండేది. దూలంలో సగం ఇంటి లోపల, సగం బయట. లోపలి కొసకు ఆవిరి సిలిండర్‌లో ఆడే పిస్టన్ తగిలించి ఉంటుంది. బయటి కొసకు గని బావిలోకి దిగే పొడవాటి కొయ్య కడ్డీల వరుస వేలాడుతుంది. ఆవిరి లోపలి కొసను కిందికి లాగితే ఆ వరుస మొత్తం పైకి లేస్తుంది. ఆవిరి వదలగానే అది తన బరువుతో తానే దిగుతుంది. అలా దిగేటప్పుడే పంపులోని నీటిని పైకి నెడుతుంది. నీటిని తోడేది నిజంగా ఆ కొయ్యల బరువే. ఆవిరి వాటిని ఎత్తి పెడుతుంది, అంతే.

ఆ దూలం దేనిమీద ఊగుతుంది? ఇంటి ముందుగోడ మీద. అందుకే మిగతా మూడు గోడలకంటే ఆ గోడను మందంగా, పెద్ద గ్రానైటు దిమ్మెలతో కట్టారు. దూలపు ఇరుసు దాని నెత్తిన ఉండేది కాబట్టి ఆ గోడ పై అంచు మిగతా గోడలకంటే తక్కువ ఎత్తులో ఆగిపోతుంది. ఈనాడు ఏ ఇంజన్ ఇంటి ముందు నిలబడినా అదే తేడా కనిపిస్తుంది. అంటే ఈ ఇల్లు యంత్రానికి గొడుగు పట్టిన షెడ్డు కాదు, యంత్రంలో ఒక భాగం. గనులు మూతపడ్డాక సిలిండర్లూ దూలాలూ పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. రాతి భాగాన్ని కొనేవాడు లేక అది మిగిలింది. ఇప్పుడు కనిపిస్తున్నది పాడుబడ్డ ఇల్లు అనడం కన్నా సగం యంత్రం అనడమే సరి.

కొండ పైన కనిపించేది కొంతే. బొటాలక్ తవ్వకాలు సముద్రం అడుగున చాలా దూరం సాగాయి. 1858లో కొండవాలు నుంచి సముద్రం కిందికి ఏటవాలుగా ఒక బావి తవ్వడం మొదలుపెట్టారు. 1863లో అందులో మనుషులను లాగే బండి గొలుసు తెగి ఎనిమిది మంది కార్మికులు, ఒక బాలుడు చనిపోయారు. రెండేళ్లకు వేల్స్ యువరాజు దంపతులు అదే బావిలో దిగి గనిని చూసి వెళ్లారు. ఆ రాక గురించి చెప్పే ప్రతిచోటా ఆ తొమ్మిది మంది మాట కూడా చెప్పడం న్యాయం.

పక్కనే ఉన్న లెవంట్ గనిలో కార్మికులు దిగడానికి 1857లో ‘మ్యాన్ ఇంజన్’ పెట్టారు. బావి పొడవునా ఒక కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది. దానికి మెట్లు ఉంటాయి, బావి గోడకూ మెట్లు ఉంటాయి. కడ్డీ ఆగిన క్షణంలో మనిషి దాని మీది నుంచి గోడ మెట్టు మీదికి, మళ్లీ గోడ మీది నుంచి కడ్డీ మీదికి మారుతూ పోవాలి. వందల అడుగుల నిచ్చెన ఎక్కే బాధ తప్పినందుకు కార్మికులకు ఇది మేలే. కానీ 1919 అక్టోబర్ 20న పని ముగించుకుని కార్మికులు పైకి వస్తుండగా కడ్డీని ఇంజన్‌తో కలిపే ఇనుప బందు విరిగింది. 31 మంది చనిపోయారు. గని అడుగు భాగాలను మళ్లీ పనికి తెరవలేదు. 1930లో గనే మూతపడింది.

ధరలు పడిపోవడమే ఈ గనుల పతనానికి అసలు కారణం. 1860ల్లో రాగి ధర కూలింది, ఆ తరవాత ఆస్ట్రేలియా, మలయా తగరం చవకగా వచ్చింది. పని తెలిసిన చేతులు వలసపోయాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటాలోనూ మెక్సికోలోని పచూకా దగ్గరా కార్నిష్ ఇంజన్ ఇళ్లు లేచాయి. కజ్జికాయలా కనిపించే కార్నిష్ వంటకాన్ని పచూకాలో ఇప్పటికీ ‘పాస్తె’ పేరుతో వీధుల్లో అమ్ముతారు. ఆ వలస మన పొరుగుకూ వచ్చింది. కోలారు బంగారు గనులను 1880 నుంచి నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కార్న్‌వాల్ గనులతో ఎదిగినదే. అక్కడి నుంచి వచ్చిన గని పనివారి పర్యవేక్షణలో తమిళ, తెలుగు కార్మికులు బావుల్లో దిగారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

లోహాల ధరలు పడిపోయాక కొన్ని కార్న్‌వాల్ గనులు విషంతో బతికాయి. ఖనిజంలో పాషాణం కలిసి ఉండేది. దాన్ని కొలిమిలో కాల్చి, ఆ పొగను మెలికలు తిరిగే గదుల గుండా పంపితే గోడలకు తెల్లటి పొడి పట్టేది. మనుషులు ముఖానికి బంకమట్టి పూసుకుని, ముక్కుల్లో దూది పెట్టుకుని ఆ గదుల్లోకి వెళ్లి పొడిని గీకి తీసేవారు. బొటాలక్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన ఆ మెలికల గదులు ఇంకా ఉన్నాయి. ఆ పొడిలో కొంత అమెరికా పత్తి చేలల్లో కాయతొలిచే పురుగుకు మందుగా పోయింది.

వదిలేసిన గనుల్లోకి దిగి చూసేవారు వెతికేది నిధుల కోసం కాదు. గోడ మీది ఉలి గాట్లు, కొవ్వొత్తి అంటించిన మట్టి ముద్దలు, బురదలో నిలిచిపోయిన బూట్ల అచ్చులు, ఇవే వారికి విలువైనవి. కాగితం మీద ఎక్కడా రాయని చరిత్ర అదే. కానీ ఇది ప్రాణాపాయం ఉన్న పని. నడిచే నేలగా కనిపించేది చాలాచోట్ల నేల కాదు. పాత దుంగల మీద రాళ్లు పోసి వదిలేసిన అటక అది. దాని కింద వందల అడుగుల ఖాళీ ఉండొచ్చు. గాలి ఆడని చోట ఊపిరి అందదు. గ్రానైటు ప్రాంతం కాబట్టి రేడాన్ వాయువు పేరుకుంటుంది. అందుకే అనుభవమున్న బృందాలు భూమి హక్కుదారు అనుమతి తీసుకుని, తాళ్లతో, గాలిని కొలిచే పరికరాలతో దిగుతాయి. తిరిగివచ్చాక కొలతలు, ఫొటోలు, పటాలు భద్రపరుస్తాయి.

పటం ఎంత ముఖ్యమో వీల్ ఔల్స్ గని చూపించింది. 1893 జనవరి 10న ఆ గనిలో పని జరుగుతున్నచోట గోడ కూలి, పక్కనున్న పాత తవ్వకాల్లో నిండి ఉన్న నీరు ఒక్కసారిగా వచ్చిపడింది. 19 మంది పెద్దలు, ఒక బాలుడు మునిగిపోయారు. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా జరుగుతుంది. పాత పటాన్ని కొత్తదానితో కలిపినప్పుడు ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేదు. పటంలో దూరంగా ఉన్న నీళ్లు నిజంగా గోడకు అవతలే ఉన్నాయి. ఆ ఇరవై మంది మృతదేహాలను పైకి తీయనే లేదు.

నేల మీది గోడలను కాపాడడంలో తొలి సూత్రం కొత్తగా కట్టకపోవడం. పైకప్పు వేసి, తలుపులు పెట్టి ‘అసలు రూపం’ తేవాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. అలా చేస్తే మిగిలిన సాక్ష్యం కూడా పోతుంది. చేయవలసిన పని ఇంకోటి ఉంది: వేళ్లతో రాళ్లను విడదీసే మొక్కలను తీసేయడం, గోడల నెత్తిన వాన నీరు దిగకుండా చేయడం, కిటికీల మీద కుళ్లిన కొయ్య దూలాలను మార్చడం, ఊడిన అతుకులను సున్నంతో నింపడం. సిమెంటు పనికిరాదు. అది గట్టిగా బిగుసుకుని లోపలి తేమను బయటికి పోనివ్వదు, దాంతో గోడే దెబ్బతింటుంది. సున్నం తేమను వదులుతుంది. ఉప్పుగాలి వీచే కొండ చరియ మీద పరంజా కట్టి ఈ తాపీ పని చేయడం మాటలు కాదు. తీరంలోని ఇలాంటి కట్టడాలు చాలా నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణలో ఉన్నాయి. ఈ గని ప్రాంతాలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బావుల నోళ్లను మూయడంలోనూ ఆలోచన ఉంది. కాంక్రీటుతో మూస్తే లోపల కాపురముండే గబ్బిలాల దారి మూసుకుపోతుంది. కాబట్టి వీలైనచోట ఇనుప కడ్డీల జల్లెడను గోపురంలా బిగిస్తారు. మనిషి పడడు, గబ్బిలం ఎగిరిపోతుంది.

ఇంజన్‌తో సహా మిగిలిన ఇళ్లలో ఒకటి లెవంట్‌లో ఉంది. 1840 నాటి ఆ ఇంజన్ పాత ఇనుము కొట్టుకు పోబోతుంటే 1935లో కొందరు పూనుకుని ఆపారు. యంత్రాలు కూడా చరిత్రే అన్న ఎరుక బ్రిటన్‌లో ఇంకా పెద్దగా లేని రోజులవి. స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి తుప్పు వదిలించి, నూనె పెట్టి, 1990ల తొలినాళ్లలో దాన్ని మళ్లీ ఆవిరితో నడిపించారు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారు సెలవుల్లో అటు వెళితే తీరం వెంట కాలిబాట ఈ కట్టడాల పక్కగానే పోతుంది. బాట దాటి పోవద్దు, గోడలు ఎక్కవద్దు, బావిలో రాయి విసిరి లోతు చూడవద్దు. గుర్తుగా ఒక రాయి ఇంటికి తెచ్చుకోవద్దు.