మీట నొక్కితే పట్టా!

ఇసుక, కంకర, బూడిద, బొగ్గు... లోడు ఏదైనా పైన పట్టా కప్పాలి. కానీ కప్పకుండా పోయే బండ్లు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. డ్రైవరు కిందికి దిగకుండానే లోడు మీద పరుచుకునే మూతలు ప్రపంచంలో ఎప్పుడో వచ్చేశాయి. మరి మన టిప్పర్లకు అవెందుకు కరువయ్యాయి?

ముందు ఇసుక టిప్పరు పోతోంది. వెనక స్కూటరు మీద మీరు. ముందు నించున్న బుజ్జిగాడు, వెనక ఇల్లాలు, ఆవిడ ఒళ్లో కూరగాయల సంచి. టిప్పరు గేరు మార్చి వేగం అందుకుంటుంది. అంతే... సన్నటి సూదులు గుచ్చినట్టు మొహమంతా చురుకు. కళ్లు మూస్తే దారి కనపడదు, తెరిస్తే ఇసుక పడుతుంది. దాటిపోదామంటే ఎదురుగా బస్సు. ఆగిపోదామంటే వెనక ఇంకో టిప్పరు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో బండి నడిపేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు అరుదు. ఇంటికొచ్చి కళ్లు కడుక్కుని, ఆ డ్రైవర్ని నాలుగు తిట్టి మర్చిపోతాం. అయితే తిట్టాల్సింది డ్రైవర్నేనా? అది తేలాలంటే ముందు లోడు మీద ఏం జరుగుతుందో చూడాలి.

ఎడారి గాలి... మన రోడ్డు మీద

ఊళ్లో ఆకు కదలనంత ఉక్కపోతగా ఉన్నా సరే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ మీది కుప్పకి సెకనుకు దాదాపు 17 మీటర్ల గాలి కొడుతూనే ఉంటుంది. ఎండిన ఇసుక రేణువు కదలడానికి సెకనుకు ఐదారు మీటర్ల గాలి చాలు. ఎడారిలో ఇసుక ఎలా ఎగురుతుందో ఏళ్ల తరబడి పరిశీలించిన బ్రిటిష్ సైనిక ఇంజినీరు రాల్ఫ్ బాగ్నాల్డ్, 1941లో వెలువరించిన పుస్తకంలో ఈ విషయాన్ని వివరించారు. గాలి ఇసుకని ఒక్కసారిగా ఎత్తుకుపోదు. ముందు ఒక రేణువుని గెంతిస్తుంది. అది కింద పడుతూ మరికొన్నింటిని తన్ని లేపుతుంది. అవి ఇంకొన్నింటిని... ఎడారిలో దిబ్బ మీద జరిగేదే టిప్పరు మీదా జరుగుతుంది. కాకపోతే దిబ్బ వెనక స్కూటర్లు రావు.

ఏట్లోంచి తీసిన ఇసుక తడిగా ఉంటుంది కదా, అదెలా ఎగురుతుంది అంటారేమో. గోదావరి ఇసుక భూపాలపల్లి, ములుగు జిల్లాల నుంచి హైదరాబాద్ చేరాలంటే రెండొందల కిలోమీటర్ల పైమాటే. ఆ దారిలో ఎండకీ గాలికీ పైపొర ఆరిపోతుంది. అడుగున ఉన్న తడి మాత్రం రోడ్డు పొడుగునా నీళ్లు కారుస్తుంటుంది.

కంకర సంగతి వేరు. గాలికి ఎగరదు, గుంతలో బండి కుదిపినప్పుడు అంచు మీంచి జారుతుంది. 20 ఎంఎం కంకర ముక్క పది గ్రాములకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీ వేగం 50, మీ బండి వేగం 50 అనుకోండి. లారీ వేగంతోనే దూసుకొచ్చే ముక్క మీకు వంద కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. కిలో రాయి 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బో అంత! అదీ గోరంత చోట. కంటికి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక రోడ్డు మీద రాలిన ఇసుక, కంకర అక్కడే ఉండి మలుపులో తర్వాత వచ్చే బండి కోసం కాచుకుంటాయి. బ్రేకు వేస్తే చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి.

థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే బూడిదకైతే ఇంత వేగం కూడా అక్కర్లేదు. పౌడరు కన్నా మెత్తన. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం వాళ్లనడగండి, ఆరేసిన బట్టల మీద చెయ్యి రాసి చూపిస్తారు. బట్టల మీద పడింది ఉతికితే పోతుంది. ఊపిరితో లోపలికి పోయిన సన్నటి ధూళిని ఏం పెట్టి ఉతకాలి?

పట్టా ఉంది... కట్టేదెవరు?

పట్టా అంటే ఇక్కడ భూమి పట్టా కాదు లెండి. లారీ వాళ్ల భాషలో టార్పాలిన్. పూర్వం ఓడల మీద సరుకు తడవకుండా గుడ్డకి తారు పూసి కప్పేవారు. ఆ తారే పేరులో మిగిలిపోయిందంటారు. తారు పోయి ప్లాస్టిక్ పూత వచ్చింది గానీ కట్టే పద్ధతి మాత్రం ఓడల కాలం నాటిదే.

ఆ పద్ధతి ఏమిటో చూడండి. లోడు నిండాక ఒక మనిషి పక్క రేకుల మీది కమ్మీలు పట్టుకుని పైకెక్కాలి. కుప్ప నేల నుంచి పదడుగుల పైమాటే. కాలు పెడితే దిగబడే ఇసుక మీద, జారే కంకర మీద నడుస్తూ బరువైన పట్టాని విప్పి పరవాలి. గాలి ఉంటే అది తెరచాపలా లేచి మనిషిని లాగుతుంది. వానలో తడిస్తే బరువు రెట్టింపు. పైన కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. తర్వాత దిగి, చుట్టూ తిరిగి, కొక్కేలకి తాళ్లు బిగించాలి. దించే చోట మళ్లీ ఇదంతా తిరగేసి చెయ్యాలి.

ఒకప్పుడు ఈ పనికి క్లీనరు ఉండేవాడు. ఇప్పుడు చాలా టిప్పర్లలో డ్రైవరొక్కడే. కూలి ట్రిప్పుకింత అని లెక్క. రోజుకి ఐదారు ట్రిప్పులు తోలే మనిషి ప్రతిసారీ ఎక్కి దిగి పట్టా కడితే, విప్పితే... ఒకటో రెండో ట్రిప్పులు గల్లంతు. ఆ డబ్బు అతని ఇంటికి రావాల్సింది. పట్టా కట్టిన టైముకి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. అందుకే అది క్యాబిన్ వెనక మడతలోనే ఉంటుంది. ముందు చెక్‌పోస్టు ఉందని తెలిస్తే తప్ప విచ్చుకోదు.

బ్రిటన్‌లో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ దీన్ని సరిగ్గా ఇటువైపు నుంచే చూసింది. లోడు మీదికి మనిషి ఎక్కడమే ప్రమాదం, వీలైనంత వరకు ఎక్కనివ్వకండి, నేల మీద నిలబడే కప్పే ఏర్పాటు చేసుకోండి అంటుంది. అది కుదరకపోతేనే చుట్టూ రెయిలింగు ఉన్న వేదిక మీంచి కప్పాలట. అక్కడ ఎత్తు మీద పనిచేసే వాళ్ల కోసం 2005లో విడిగా నిబంధనలే తెచ్చారు. మనం ఈ గొడవంతా వెనకొచ్చే స్కూటరు వైపు నుంచే చూస్తాం. పైన నిలబడ్డ మనిషి లెక్కలోకి రాడు.

చాప, కుచ్చిళ్లు, రిక్షా టాపు

మనిషి ఎక్కకుండా మూత పడే ఏర్పాట్లలో ప్రధానమైనవి మూడు. పేర్లు ఏమైనా, మనింట్లో మనం చూసే వస్తువులే.

మొదటిది చాప చుట్టినట్టు ఉంటుంది. తొట్టి మీద అడ్డంగా ఇనుప కమానులు. పట్టా ఒక అంచు తొట్టికి ఒక పక్కన బిగించేసి ఉంటుంది. రెండో అంచుకి పొడవాటి గొట్టం. వెనక నిలబడి హ్యాండిల్ తిప్పితే గొట్టం దొర్లుకుంటూ పట్టాని పరుస్తూ అటు చివరికి వెళ్లి గాడిలో ఇరుక్కుంటుంది. తిరగేసి తిప్పితే చుట్టుకుని ఇటు వచ్చేస్తుంది. అమెరికా మైదాన ప్రాంతాల్లో చాలా ధాన్యం లారీల మీద ఇదే. దక్షిణ డకోటాలోని యాంక్టన్ అనే చిన్న ఊరు వీటి తయారీకి పేరు పొందింది. అక్కడే ఎందుకు? అక్కడ గోధుమలు, మొక్కజొన్నలు బస్తాల్లోకి ఎత్తరు. పొలంలోంచి విడిగానే లారీలో పోసుకుపోతారు. మూత లేకపోతే గింజ గాలికి పోతుంది, వానకి నానుతుంది. నష్టం సొంతదారుడిదే. మన దగ్గర వడ్లు గోనెల్లో పోతాయి కాబట్టి ఆ అవసరం రాలేదు. పోయేది ఇసుక. రాలినా బాధపడేవాడు లేడు!

రెండోది కర్టెన్ లాంటిది, చీర కుచ్చిళ్లలా ముడుచుకుంటుంది. తొట్టి రెండు అంచుల మీదా ఉక్కు తీగలో, పట్టాలో ఉంటాయి. వాటి మీద కమానులు జారుతూ పట్టాని వెనకదాకా లాక్కెళ్తాయి. తెరిస్తే మొత్తం మడతలు పడి క్యాబిన్ వెనకకి చేరుతుంది.

మూడోది పాత రిక్షా టాపుని తలపిస్తుంది. తొట్టికి రెండు పక్కలా ఇరుసుల మీద తిరిగే పొడవాటి చేతులు, వాటిని వెనక్కి గుంజే బలమైన స్ప్రింగులు. పట్టా క్యాబిన్ వెనక ఒక పెట్టెలో దుకాణం షట్టరులా చుట్టుకుని ఉంటుంది. మీట నొక్కగానే మోటారు దాన్ని వదులుతుంది, స్ప్రింగులు చేతుల్ని వెనక్కి లాగుతాయి, పట్టా పరుచుకుంటుంది. మోటారుకి కరెంటు బండి బ్యాటరీదే. మోటారు వద్దనుకుంటే హ్యాండిల్ ఉంటుంది. కొద్ది నిమిషాల్లో పని ఖతం. డ్రైవరు బూటుకి ఇసుక అంటదు.

గుడ్డలోనూ తేడాలున్నాయి. ఇసుక, కంకరకి గాలి దూరిపోయే వల లాంటి గుడ్డ బాగుంటుంది, తేలిగ్గా ఉంటుంది. బూడిదకి వల పనికిరాదు. రోడ్డు వేసే వేడి తారు కంకరకైతే వేడిని తట్టుకునే గుడ్డ కావాలి. అది కప్పితే సరుకు దారిలో చల్లారదు కూడా. చైనాలో పలు నగరాలు గుడ్డని కూడా నమ్మలేదు. తవ్విన మట్టి తరలించే బండ్లకు యంత్రంతో మూసుకునే గట్టి మూతలే ఉండాలన్నాయి.

పక్షి ఈకలకి మినహాయింపు

కాలిఫోర్నియా వాహన చట్టంలో ఓ తమాషా ఉంది. రోడ్డు మీద పోయే బండిలోంచి ఏదీ రాలకూడదు, కారకూడదు. రెండింటికే మినహాయింపు... శుభ్రమైన నీళ్లకి, బతికున్న పక్షుల ఈకలకి! కోళ్ల బండి వాళ్లు ఎంత గొడవ పెట్టారో గానీ ఆ మాట చట్టంలోకి ఎక్కింది. అదే చట్టం కంకర, ఇసుక బండ్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. సరుకు అంచులకు తగిలే చోట ఆరంగుళాలు తక్కువగా ఉండి, నడిమి కుప్ప అంచు దాటి పైకి లేవకపోతే మూత లేకపోయినా ఫర్వాలేదు. కొలవడానికి టేపు చాలు. పోలీసుకీ డ్రైవరుకీ వాదన ఉండదు.

మన దగ్గరా మాటలు కఠినంగానే ఉన్నాయి. ఢిల్లీ కాలుష్యం కేసులో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 ఏప్రిల్ 10న ఇచ్చిన ఆదేశాల్లో, కప్పకుండా నిర్మాణ సామగ్రి తీసుకెళ్లే బండికి ఒక్కో ఉల్లంఘనకి 5,000 రూపాయలు కట్టమంది. 2018 జనవరి 25న కేంద్ర పర్యావరణ శాఖ పర్యావరణ నిబంధనల్నే సవరించి, గాలిలో ధూళి పరిమితి దాటిన నగరాల్లో నిర్మాణ సామగ్రి, వ్యర్థాలు మోసే వాహనాలు మూత లేకుండా తిరగరాదని రాసింది. కప్పాలని రాశారు సరే. ఎలా కప్పాలి, ఎవరెక్కాలి అన్న ఊసు లేదు. నా లెక్కన అసలు లొసుగు ఇక్కడే ఉంది. కొత్త టిప్పరు బయటికొచ్చేటప్పుడే మూత బిగించి ఉంటే ఆ ప్రశ్నే రాదు. టిప్పరు ఖరీదుతో పోలిస్తే దాని ధర చిన్నదే. విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే చేతులకి గొట్టం, కమాను, స్ప్రింగు పెద్ద విద్యేం కాదు.

మూత పడాలంటే కుప్ప ఉండకూడదు

మరి యజమానులకు ఎందుకు గిట్టదు? ఖర్చు ఒక కారణం. పొక్లెయిన్ బకెట్టు తగిలి కమానులు వంగిపోతాయన్నది ఇంకో కారణం, అదీ నిజమే. జిగురు మట్టి పట్టి జారే భాగాలు ఇరుక్కుంటాయి, స్ప్రింగు తెగితే దారిలో బాగుచేసేవాడు దొరకడు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే.

కానీ పైకి చెప్పని కారణం ఇంకోటుంది. తాడుతో కట్టే పట్టా ఎంత కుప్ప మీదైనా సర్దుకుంటుంది. కమానుల మీద జారే మూత అలా కాదు. కుప్ప అంచు దాటి లేస్తే మూత పడదు. అంటే అది ఓవర్‌లోడుని పట్టించేస్తుంది! 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక అధిక లోడుకి 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000 చొప్పున జరిమానా. ఇంతున్నా కుప్పలు తగ్గలేదంటే, ఎక్కువ వేస్తేనే గిట్టుబాటు అనే లెక్క ఎంత బలమైందో చూడండి. అలాంటి బండికి తనంతట తానే లోడు కొలిచే మూత ఎవరు బిగించుకుంటారు?

మూత అన్నిటికీ మందు కాదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సుని ఢీకొంది. కంకర బస్సులోకి కుమ్మరించినట్టు పడి ప్రయాణికులు కూరుకుపోయారు. 19 మంది చనిపోయారని వార్తలొచ్చాయి. అంత బరువు మీదికొస్తే ఏ పట్టా ఆపలేదు. అక్కడ కావాల్సింది వెడల్పాటి రోడ్డు, అదుపులో వేగం, తగిన లోడు.

కొన్నిచోట్ల బండినే తప్పించడం మేలు. ఖమ్మం జిల్లా సత్తుపల్లి బొగ్గు టిప్పర్ల మీద వెళ్తుంటే దారిలో ఊళ్ల వాళ్లు ఏళ్ల తరబడి ఆ నల్లటి దుమ్ము పీల్చారు. 2022లో భద్రాచలం రోడ్ స్టేషను నుంచి సత్తుపల్లికి రైలు మార్గం వచ్చాక బొగ్గు రైలెక్కింది.

ఇక ఏ మూతకీ లొంగని లోడు ఒకటి ఉంది. ఊక లారీ. రైసు మిల్లుల నుంచి ఇటుక బట్టీలకీ, బాయిలర్లకీ పోయే ఈ బండిని రాత్రిపూట ఎదురుగా చూస్తే ఏనుగు వస్తున్నట్టే ఉంటుంది. ఊక తేలిక, ఎంత పోసినా బరువు తూగదు. అందుకని పట్టాలని సంచుల్లా వేలాడదీసి రెండు పక్కలా బొజ్జలు పెంచి నింపుతారు. దానికి కమానులు బిగించలేరు, గొట్టం దొర్లించలేరు. ఇప్పటికీ ఒక మనిషి పైకెక్కాలి, ఇంకో మనిషి కింద తాడు లాగాలి.