గేరులు తడబడు లారీ: పెట్టె విప్పకమున్ను విచారింపవలసిన సంగతులు

సహకార సంఘమునకు లారీ యనునది ఉమ్మడి యెద్దుల జత వంటిది. కళ్లములలో ధాన్యము రాశులు పడియుండగా, ఆకాశమున మబ్బు క్రమ్ముచుండగా, లారీ దారిలో మొరాయించెనేని నష్టము ఒక్కనిది కాదు, సభ్యులందఱిది. అట్టి సమయమున గేరుపెట్టెను మొత్తముగ మార్చవలెనని షెడ్డువారు చెప్పిన మాటకు కార్యవర్గమువారు తొందరపాటున సమ్మతించుట కలదు. పెట్టె మార్చిన పిదపను తడబాటు పోని యెడల ఆ సొమ్ము బూడిదలో పోసిన పన్నీరగును. ఏలన, దోషము పెట్టెలో గాక యొక యెర్తు తీగెలోనో, చమురు మట్టములోనో యుండవచ్చును. కావున స్వయంచాలకపు గేరుపెట్టెగల లారీలో గేరులు సక్రమముగ మాఱనప్పుడు కారణమును ఏ వరుసను వెదకవలెనో యిచ్చట మనవి చేయుచున్నాము.

రెండు జాతులు

మన దేశమున బరువు లారీలలో చేతితో గేరులు మార్చునవే నేటికిని హెచ్చు. అయినను గనుల టిప్పర్లందును, నగరపు బస్సులందును, పెద్ద ట్రెయిలరులందును స్వయంచాలకములు ప్రవేశించినవి. ఇవి రెండు జాతులు.

మొదటి జాతిలో బండి బయలుదేరునపుడు ఇంజనుకును గేరులకును నడుమ ఇనుపపు పట్టు ఉండదు. చమురే శక్తిని మోయును. ఒక రెక్కల చక్రము చమురును విసరగా, ఎదుటి రెక్కల చక్రము ఆ తాకిడికి తిరుగును. 1905వ సంవత్సరమున హెర్మన్ ఫెట్టింగర్ అను జర్మను ఇంజనీరు ఓడల కొఱకు ఇట్టి ద్రవయంత్రమునకు పేటెంటు పొందెను. 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అను స్వయంచాలక గేరుపెట్టె వచ్చినది. ఈ జాతి పెట్టెలలో గేరులను పట్టి విడుచు క్లచ్చి బిళ్లలు చమురులోనే మునిగియుండి, చమురు ఒత్తిడి చేతనే పనిచేయును.

రెండవ జాతి పెట్టెలో గేరులును క్లచ్చియు మామూలు లారీలోనివే. కాని డ్రైవరు కాలును చేయియు చేయు పనిని కంప్యూటరు ఆజ్ఞపై గాలి ఒత్తిడియో, విద్యుత్తు మోటారులో చేయును. మొదటి జాతికి చమురు ప్రాణము. రెండవదానికి పలు లారీలలో గాలి ప్రాణము. తమ లారీ యే జాతిదో తెలియక వైద్యము మొదలుపెట్టుట నాడి చూడక మందిచ్చుట వంటిది.

మొదట వ్రాసికొనవలెను

గేరు ఆలస్యముగ పడుచున్నదా? దెబ్బ కొట్టినట్లు పడుచున్నదా? రెండు గేరుల నడుమ ఊగిసలాడుచున్నదా? గేరు మాఱు క్షణమున ఇంజను మాత్రము అఱచి బండి ముందుకు పోకున్నదా? ఒకే గేరున బిగిసిపోయినదా? ఇవి వేర్వేరు రోగములు. అన్ని గేరులందును కలదా, ఒక్క గేరుననే కలదా? చల్లగానున్నప్పుడా, వేడెక్కిన పిదపనా? ఖాళీగానా, బరువుతోనా? వాన కురిసిన లేక లారీని కడిగిన మఱునాడా? డ్రైవరు వీనిని చిన్న పుస్తకమున నెక్కింపవలెను. ఈ పుస్తకమే సగము వైద్యము.

తడబాటుగ గన్పట్టునదెల్ల దోషము కాదు. చమురు మిక్కిలి చల్లగానున్నపుడు కొన్ని పెట్టెలు పై గేరులను ఇయ్యవు. మిక్కిలి వేడెక్కినపుడును అంతే. ఘాటు రోడ్డున ఎగువకు పోవునపుడు ఒక గేరునకు బరువు హెచ్చై, క్రింది గేరునకు తక్కువై, పెట్టె రెంటి నడుమ కొట్టుకొనును. అప్పుడు డ్రైవరు క్రింది గేరును తానే నిలిపియుంచిన చాలును.

సంకేతాంకములు

లారీలోని కంప్యూటరు తనకు దోచిన దోషమును అంకెలుగ దాచియుంచును. వీనిని చదువుటకు ముందు చెఱిపివేయుట పెద్ద పొరపాటు. సాక్షిని సభనుండి వెళ్లగొట్టినట్లగును. పెక్కు లారీలలో ఈ గుర్తు రెండు భాగములుగ నుండును. ఎస్.పి.ఎన్. అనునది ఏ యంగమో చెప్పును, ఎఫ్.ఎం.ఐ. అనునది ఏ రీతి దోషమో చెప్పును. ఎస్.పి.ఎన్. 161 పెట్టెలోనికి వచ్చు ఇరుసు వేగము, 191 బయటకు పోవు ఇరుసు వేగము, 177 చమురు వేడిమి, 168 బ్యాటరీ శక్తి, 91 యాక్సిలరేటరు పెడలు. ఎఫ్.ఎం.ఐ. 2 అనగా వార్త నిలకడ లేనిది. 3 అనగా వోల్టేజి మితిమీరినది. 4 అనగా తగ్గినది. 5 అనగా తీగె తెగినట్లున్నది. 7 అనగా యంత్రభాగము ఆజ్ఞకు లోబడలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. 191 అని కనబడినంతనే ఆ వేగమాపకమును కొనుటకు పరుగిడరాదు. ఆ మార్గమున ఎచ్చటనో దోషమున్నదని మాత్రమే దాని భావము. మాపకము, తీగె, సాకెట్టు, కంప్యూటరు అను నాల్గింటిలో ఏదైన కావచ్చును.

చమురు

మొదటి జాతి పెట్టెలో చమురు మట్టమే తొలి పరీక్ష. మన మోటారు పంపుసెట్టు ఫుట్‌వాల్వు కాఱి గాలి పీల్చినచో నీరు ఎక్కదు గదా. అట్లే చమురు తగ్గినపుడు లోపలి పంపు గాలి పీల్చి ఒత్తిడి నిలువదు, క్లచ్చి బిళ్లలు జాఱును. చమురు హెచ్చినను కీడే. తిరుగు గేరులు దానిని చిలికి నురుగు చేయును; నురుగు ఒత్తిడిని మోయజాలదు. కొరతయు, హెచ్చును ఒకే రీతి తడబాటును కలిగించుట గమనింపదగినది.

కొలుచునపుడు లారీని సమతలమున నిలిపి, చక్రములకు దిమ్మెలు పెట్టి, హ్యాండుబ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజనును నెమ్మదిగ తిరుగనిచ్చి చూడవలెను. చమురు వేడెక్కినపుడు చూచిన మట్టమే నిజమైన మట్టము. కొన్ని ప్రసిద్ధమైన పెట్టెలకు 71 నుండి 93 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ కొలువవలెనని విధి. ఏ లారీకైనను దాని పుస్తకము చెప్పినదే ప్రమాణము. రెండవ జాతిలో చమురు కందెన మాత్రమే. దానిని సాధారణముగ ఇంజను ఆపి, ప్రక్కనున్న బిరడా విప్పి చూతురు.

చమురు రంగును, వాసనయు చూడవలెను. నల్లబడి మాడు వాసన వచ్చినచో బిళ్లలు కాలినవని గుర్తు. పాలవలె తెల్లబడినచో చల్లార్చు గొట్టములలో చిల్లుపడి రేడియేటరు నీరు కలిసినది. అట్టి లారీని నడుపరాదు, ఏలన ఆ నీరు బిళ్లల పూతను చెఱచును. అయస్కాంతపు బిరడాపై సన్నని బూడిదరంగు పొడి సహజము. లోహపు పెళ్లలు కనబడినచో లోపల అఱుగుదల నిజమే.

విద్యుత్తు

కంప్యూటరునకు విద్యుత్తు తగ్గినచో తెలివి తప్పును. 24 వోల్టుల లారీలో నిండిన బ్యాటరీల జత విశ్రాంతిలో సుమారు 25 వోల్టులును, ఇంజను నడచుచుండగా సుమారు 28 వోల్టులును చూపవలెను. స్టార్టు చేయునపుడు 18 వోల్టులకు దిగువకు జాఱినచో బ్యాటరీలను పరీక్షింపవలెను. మన లారీలలో ఒక దురాచారము కలదు: రెండు బ్యాటరీలలో ఒక్కదానినుండి 12 వోల్టులు లాగి పాటల పెట్టెకును, ఫ్యానుకును ఇచ్చుట. దానివలన ఒక బ్యాటరీ అలసి, రెండవది మితిమీరి నిండి, రెండును త్వరలో చెడును.

పిదప ఎర్తు చూడవలెను. ఒకడు స్టార్టు చేయుచుండగా మఱియొకడు మీటరు కొనలను బ్యాటరీ ఋణధ్రువమునకును, లారీ చట్రమునకును ఆనించి చూచినచో అర వోల్టునకు మించరాదు. మించినచో ఎర్తు బిగింపు తుప్పు పట్టినది. విప్పి గీకి బిగింపవలెను. దీనికగు వ్యయము ఒక గంట కూలి మాత్రమే.

కంప్యూటరులు తమలో తాము మాటలాడుకొను జంట తీగెలు వేఱుగ గలవు. ఆ జంట రెండు చివరలను 120 ఓముల నిరోధకము లొక్కొక్కటి యుండును. బ్యాటరీ విడదీసి పరీక్ష సాకెట్టున కొలిచినచో 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక నిరోధకమో తీగెయో తెగినది. సున్నకు దగ్గఱగ వచ్చినచో తీగెలు ఒకదానినొకటి తాకినవి.

గోదాము ప్రక్కను నిలుచు లారీకి ఎలుకల బెడద కలదు. తీగెల పై తొడుగును కొఱుకును. ఒత్తిడి నీటితో కడుగునపుడు సాకెట్లలో తేమ చేరును. బాడీకి వెల్డింగు చేయునపుడు బ్యాటరీ విప్పకున్నచో కంప్యూటరే చెడవచ్చును. వెనుకటి నెలలో వీనిలో ఏది జరిగినదో డ్రైవరు నడుగవలెను.

గాలియు, క్లచ్చియు

గాలితో నడచు రెండవ జాతి లారీలో ఒత్తిడి నిలుచుచున్నదా యని గేజి చూడవలెను. ఇంజను ఆపిన కొలదికాలమునకే ముల్లు దిగజాఱినచో కాఱుట కలదు. సబ్బునీరు పూసిన బుడగలు చోటును చూపును. గాలితొట్టి క్రింది మూత విప్పినపుడు నీరు కాని చమురు కాని వచ్చినచో గాలి నారబెట్టు డబ్బా పని తీఱినది. ఆ తేమ గేరు మార్చు చిన్న కవాటములలో చేరి వానిని బిగియబట్టును. క్లచ్చి బిళ్ల అఱిగినను గేరులు దెబ్బతో పడును. కొత్త బిళ్ల వేసిన పిదప కంప్యూటరునకు కొత్త కొలతలను నేర్పవలెను. ఈ పని మఱచినచో కొత్త బిళ్లతోను పాత తడబాటే.

ఇంజనుపై నిందయు తగదా?

తగును. డీజిలు ఫిల్టరు మూసుకొని ఇంజను బలము తగ్గినపుడు గేరుపెట్టె మాటిమాటికి క్రింది గేరునకు దిగును. పెడలు వద్ద మాపకము తప్పు వార్త పంపినను అంతే. యెద్దు నీరసించినపుడు కాడిని తప్పుపట్టుట న్యాయము కాదు.

ఒక యుదాహరణము

ఒక లారీని ఊహింతము. ఉదయము చక్కగ నడచి, నలువది కిలోమీటర్ల పిదప నాలుగు, అయిదు గేరుల నడుమ ఊగిసలాడును. చమురు మట్టము సరి, రంగు సరి. గుర్తు 191, 2. అనగా బయటి ఇరుసు వేగవార్త నిలకడ లేదు. వేడెక్కిన పిదపనే వచ్చుటచే పొగగొట్టము చెంతనున్న తీగెను అనుమానింపవలెను. ఇంజను ఆపి, మీటరు తగిలించి తీగెను నెమ్మదిగ కదల్చినపుడు ముల్లు ఎగిరిపడినచో దోషము దొరికినది. మాపకము కొనపై ఇనుపరజను చేరినదేమో కూడ తుడిచి చూడవలెను.

అదే లారీలో వేగవార్తలు రెండును నిలకడగా నున్నవనుకొందము. లోపలి ఇరుసు నిమిషమునకు 1500 మార్లు, బయటి ఇరుసు 1000 మార్లు తిరిగినచో నిష్పత్తి ఒకటిన్నర. ఆ గేరునకు విధించినదియు అదియే యైనచో పట్టు సరి. లోపల 2000, బయట 1000 యైనచో బిళ్లలు జాఱుచున్నవి. చమురు కూడ మాడియున్నచో అప్పుడు పెట్టెను అనుమానించుట న్యాయము. అప్పటికిని ఒత్తిడి పరీక్షయు, కవాటముల పరీక్షయు చేసిన పిదపనే పెట్టె దింపవలెను. ఒక చిన్న విద్యుత్కవాటము బిగిసినను బిళ్లలు జాఱును.

చేయకూడని పనులు

డీజిలు మిగులునని దిగువకు న్యూట్రల్‌లో వదలుట ప్రాణహాని. ఇంజను పట్టు తప్పి బ్రేకులపైననే భారము పడును. ఆగిపోయిన లారీని వెనుక చక్రములు నేలనుండగా లాగుకొనిపోవుటకు ముందు ప్రొపెల్లరు షాఫ్టు విప్పవలెను. ఇంజను ఆగియున్నపుడు చమురు పంపు తిరుగదు. చమురందక గేరులు పాడగును. దారిలో తీగె తెగినంత మాత్రమున పోయిన లారీకి లాగుటలో పెట్టెయే పోవుట ఇట్లే.

సంఘమువారి కర్తవ్యము

గేరుపెట్టె దింపుటకు అనుమతి నిచ్చుటకు ముందు కార్యవర్గమువారు అయిదు ప్రశ్నలకు వ్రాతమూలముగ జవాబు కోరవలెను. సంకేతాంకము లేవి? చమురు మట్టము, రంగు, వాసన యెట్లున్నవి? బ్యాటరీ, ఎర్తు కొలతలు ఎంత? గాలి ఒత్తిడి నిలిచినదా? రెండు ఇరుసుల వేగముల నిష్పత్తి యెంత? నిజముగ పరీక్షించిన మెకానిక్కు ఈ జవాబులను కష్టము లేక ఇయ్యగలడు. ఇయ్యలేనివాడు ఊహమీద పని చేయుచున్నాడని తెలిసికొనవలెను. మరమ్మతు ముగిసిన పిదప ఖాళీ లారీని వీధి చివరవఱకు నడిపి బిల్లు చెల్లింపరాదు; ఏ బరువుతో, ఏ దారిలో తడబడినదో ఆ బరువుతో, ఆ దారిలోనే నడిపి చూడవలెను.

పరీక్షలకు పట్టునది ఒక పూట. తొందరపాటునకు పట్టునది ఒక పంట కాలపు లాభము. కోతలకు నెలదినములు ముందుగనే ఈ పరీక్షలను జరిపించి, ఫలితములను లారీ పుస్తకమున వ్రాయించియుంచిన సంఘము కళ్లములో ధాన్యము తడిసిన పిదప చింతింపనక్కఱలేదు.