మాచ్‌ఖండ్ చెప్పు విద్యుత్పాఠము

అరకులోయకు పడమటి కొండలలో, ఆంధ్ర–ఒడిశా సరిహద్దున, మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించినది. విశాఖపట్నమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో నాలుగేండ్లు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదువు విద్యార్థికి పుస్తకములోని టర్బైను, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఇచట ఒకేచోట కనిపించును.

ఇచట పుట్టిన విద్యుత్తు కొండలు దాటి మైదానమునకు పోవలెను. దారిలో తీగ వేడెక్కి కొంత శక్తి వ్యర్థమగును. కరెంటు రెట్టింపైనచో ఈ నష్టము నాలుగు రెట్లగును. అందుచేత ట్రాన్స్‌ఫార్మరుతో ఓల్టేజిని పెంచి పంపుదురు. ఓల్టేజి పదిరెట్లయినచో అంతే శక్తికి పదవవంతు కరెంటు చాలును. అదే తీగలో నష్టము నూరవవంతుకు దిగును. ఎంత లాభము!

అయితే అంత ఓల్టేజిని గుడిసెలోని దీపమునకు నేరుగా కలుపరాదు. దానిని దింపుటకు సబ్‌స్టేషను, అచటినుండి పల్లెకు వేరే తీగలు కావలెను. ఇవి లేనిచో తలమీదుగా విద్యుత్తు పోవుచున్నను క్రింది పల్లె చీకటిలోనే యుండును. ఈ కేంద్రమునకు నీరిచ్చు జలాపుట్ జలాశయములో అనేక గిరిజన గ్రామములు మునిగినవి. కనుక ఇది కేవలము లెక్కల ప్రశ్న కాదు. లెక్కలోనూ చిక్కున్నది: నాలుగిండ్ల పల్లెకు పెట్టిన ట్రాన్స్‌ఫార్మరు, దీపములు ఆర్పివేసినను, తన ఇనుప గర్భములో రేయింబవళ్లు కొంత శక్తిని హరించుచునే యుండును.