అంపైర్ మాటే ఆఖరి మాట

“అమ్మా, ఇయ్యాల ఆటల లొల్లి అయింది. నేను ఉరికి బేస్ మీద కాలు పెట్టిన. అవుట్ అని వాళ్లు, కాదని మేము.”

“మరి ఎవలు తేల్చిన్రు బిడ్డా?”

“అంపైర్ మేడం తేల్చింది. ఇగ ఎవ్వలు మాట్లాడలే.”

ఎవరీ అంపైర్? ఆమె మాట అందరూ ఎందుకు వినాలి? తెలుసుకుందాం.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల బడుల్లో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు. ఇది 1887లో అమెరికాలోని చికాగోలో పుట్టింది. దీనికి అక్కలాంటి ఆట బేస్‌బాల్. మన చిర్రగోనెలో కర్రతో కొడతాం. ఇందులో బ్యాట్‌తో బంతిని కొట్టి ఉరుకుతారు. మైదానంలో నాలుగు మూలలుంటాయి. అవే బేస్‌లు. కొట్టే చోటును హోం ప్లేట్ అంటారు. అక్కడ మొదలుపెట్టి, అన్నీ చుట్టి, మళ్లీ అక్కడికే వస్తే ఒక పరుగు.

ప్లేట్ వెనుక బంతి పట్టే పిల్ల ఉంటుంది. ఆమె వెనుక అంపైర్ నిలబడుతుంది. ముఖానికి జాలీ కట్టుకుంటుంది. ప్రతి బంతికీ తీర్పు చెప్తుంది. బంతి ప్లేట్ మీదుగా, ఆడే పిల్ల మోకాళ్లకూ ఛాతీకీ నడుమ పోతే ‘స్ట్రైక్’. బ్యాట్ ఊపి తప్పినా స్ట్రైకే. బంతి పక్కకు పోయి, ఆమె ఊపకుంటే ‘బాల్’. మూడు స్ట్రైకులైతే అవుట్. నాలుగు బాల్‌లైతే ఉత్తగనే మొదటి బేస్‌కు పోవచ్చు. ముగ్గురు అవుటైతే ఎదుటి జట్టు వంతు వస్తుంది.

ఈ లెక్క తప్పకుండా అంపైర్ చేతిలో ఒక చిన్న సాధనం ఉంటుంది. దాని పేరు ఇండికేటర్. దాని చక్రాలు తిప్పుతూ లెక్క పెడుతుంది. బీడీల లెక్కలో ఒక కట్ట తప్పితే కూలి పోతది. ఇక్కడ ఒక్క అంకె తప్పితే ఆటే పోతది.

సైగలు కూడా ఉన్నాయి. కుడి పిడికిలి ఎత్తితే అవుట్. రెండు చేతులూ పక్కలకు చాపితే సేఫ్, అంటే బతికినట్టు.

రెండు ఆటలకూ అంపైర్ కావాలంటే తేడాలు తెలియాలె. సాఫ్ట్‌బాల్ బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. బేస్‌బాల్ బంతి చుట్టూ జానెడే. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల నడుమ దూరం 60 అడుగులు, అంటే 40 మూరలు. పెద్దల బేస్‌బాల్‌లో 90 అడుగులు, అంటే 60 మూరలు. సాఫ్ట్‌బాల్‌లో బంతిని చెయ్యి కిందినుంచి వేస్తారు. బేస్‌బాల్‌లో పైనుంచి వేస్తారు. మామూలుగా అది 7 ఇన్నింగ్స్‌ల ఆట, ఇది 9.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. సాఫ్ట్‌బాల్‌లో బంతి చెయ్యి విడిచేదాకా ఉరికే పిల్ల బేస్ వదలొద్దు. ముందే వదిలితే అవుట్. బేస్‌బాల్‌లో ముందే కదలొచ్చు. ఒక ఆట రూలు ఇంకో ఆటలో చెప్తే అన్యాయమే. అందుకే రెండు రూలు పుస్తకాలూ చదవాలె.

అంపైర్ కండ్లతో చూసి చెప్పిన దాని మీద వాదన లేదు. రూలే తప్పుగా చెప్పిందనుకుంటే కోచ్ మర్యాదగా అడగొచ్చు. అప్పుడు పుస్తకమే పెద్దమనిషి.

ఆడవాళ్లకు ఈ స్థానం ఊరికే రాలేదు. అమెరికాలో బెర్నిస్ గెరా అనే ఆమె కోర్టులో ఏండ్ల తరబడి కొట్లాడింది. 1972 జూన్ 24న డబ్బులిచ్చి ఆడించే బేస్‌బాల్ ఆటకు అంపైర్ అయింది. తోటి అంపైర్లు కలిసి రాలేదని ఆ ఒక్క ఆటతోనే మానుకుంది. కానీ దారి పడింది.

ఆ దారిలో జెన్ పావోల్ నడిచింది. ఆమె సాఫ్ట్‌బాల్ ఆడింది. కాలేజీ సాఫ్ట్‌బాల్ ఆటలకు అంపైర్‌గా చేసింది. 2016 నుంచి చిన్న లీగుల బేస్‌బాల్‌లో వెయ్యికి పైగా ఆటలు నడిపింది. 2025 ఆగస్టు 9న అట్లాంటాలో, అమెరికా పెద్ద లీగు ఆటకు అంపైరైన తొలి మహిళ అయింది.

అంపైర్‌కు కావలసింది చూసే కన్ను, తప్పని లెక్క, చదివిన రూలు, గట్టి గొంతు. మీ బిడ్డ బడిలో ఆడుతున్నదా? ఈసారి ఆట చూడబోండి. ఎన్ని స్ట్రైకులో, ఎన్ని బాల్‌లో మీరూ లెక్క పెట్టండి. “నేను అంపైరైత” అని బిడ్డ అంటే, “ఆడపిల్లకెందుకే” అనకండి. రూలు పుస్తకం తెమ్మనండి. ఇద్దరూ కలిసి చదవండి.