ఒకే పేరు గల తెలుగు చలనచిత్రములు

పేరు ఒక వస్తువును తక్కినవాని నుండి వేరుచేసి చూపుటకు ఏర్పడినది. కాని చలనచిత్రముల విషయమున ఈ ప్రయోజనము పలుమారు నెరవేరుట లేదు. ‘లవకుశ’ అనగానే పెద్దలకు 1963 నాటి రంగుల చిత్రము మనసున మెదలును. అంతకు 29 సంవత్సరములకు పూర్వమే అదే పేరుతో వేరొక తెలుగు చిత్రము వెలువడినదన్న సంగతి కొలదిమందికే తెలియును. తరువాతి చిత్రము యొక్క కీర్తి వెనుకటి చిత్రమును ఈ విధముగా కప్పివేయుచున్నది. కావున ఇది కేవలము వినోదమునకు చెప్పుకొను విషయము కాదు. తెలుగు చలనచిత్ర చరిత్ర సరిగా నిలుచుటకు సంబంధించిన విషయము.

ఒకే పేరు గల చిత్రములను మూడు తెగలుగా విభజింపవచ్చును. ఒకే కథ వేర్వేరు కాలములందు మరల మరల తీయబడుట మొదటిది. ఒకే సంస్థ ఒకే కాలమున ఒక కథను రెండు భాషలలో నిర్మించుట రెండవది. కథతో సంబంధము లేకుండ పేరు మాత్రమే స్వీకరింపబడుట మూడవది.

మొదటి తెగకు ‘భక్త ప్రహ్లాద’ ముఖ్యమైన ఉదాహరణము. ఈ కథ తెరకెక్కుటకు ముందే రంగస్థలమున ప్రసిద్ధి కెక్కినది. బళ్లారిలో నివసించి నాటకరచన సాగించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము ఆధారముగా హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున తొలి తెలుగు టాకీ తయారైనది. సురభి నాటక సమాజమునకు చెందిన నటీనటులు ఇందు పాల్గొనిరి. సురభి కమలాబాయి లీలావతి పాత్ర ధరించెను. తరువాత 1942లో చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వమున రెండవ ‘భక్త ప్రహ్లాద’, 1967లో ఎ. వి. ఎం. సంస్థ నిర్మించిన మూడవ ‘భక్త ప్రహ్లాద’ వెలువడినవి. ఈ మూడవదానిలో ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు. కన్నడమున 1983లో రాజకుమార్ హిరణ్యకశిపుడుగా నటించిన చిత్రమునకును ఇదే పేరు. బళ్లారి ప్రాంతమున రెండు భాషల చిత్రములను చూచువారికి కేవలము ‘భక్త ప్రహ్లాద’ అని చెప్పిన ఏది తెలియవలెను?

సంవత్సరము చెప్పినచో చిక్కు తీరునని తోచును. కాని సంవత్సరమును కూడ పరీక్షింపవలసియే యున్నది. తొలి ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలము చెప్పుచు వచ్చిరి. దానికి 1932 జనవరి 22న సెన్సారు ధ్రువపత్రము లభించినదనియు, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాలో అది మొదట ప్రదర్శింపబడినదనియు పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారములతో నిరూపించెను. ఆ చిత్రము నేడు చూచుటకు దొరకదు. చిత్రము దొరకనపుడు నాటి పత్రములే సాక్ష్యములు.

‘లవకుశ’ విషయమున దర్శకుని పేరు కూడ చిక్కు తీర్పజాలదు. 1934 నాటి చిత్రమును కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ పక్షమున సి. పుల్లయ్య రూపొందించెను. పారుపల్లి సుబ్బారావు శ్రీరాముడు; శ్రీరంజని సీత. 1963 నాటి చిత్రమును కూడ ప్రారంభించినది పుల్లయ్యయే. ఆయన కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసెను. ఇందు ఎన్. టి. రామారావు, అంజలీదేవి ఆ పాత్రలను ధరించిరి. తెలుగున పూర్తిగా రంగులలో తయారైన తొలి కథాచిత్రము ఇదియే. కావున సంవత్సరమును, నిర్మాణ సంస్థను, నటీనటులను కలిపి చూచిననే ఒకదానినుండి ఒకటి వేరుపడును.

రెండవ తెగకు చెందినవి మద్రాసులో వర్ధిల్లిన ద్విభాషా చిత్రములు. 1957లో విజయా సంస్థ కె. వి. రెడ్డి దర్శకత్వమున ‘మాయాబజార్’ను తెలుగు, తమిళ భాషలలో నిర్మించెను. శ్రీకృష్ణుడుగా రామారావు, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడుగా రంగారావు రెండింటను కలరు. అభిమన్యుడు మాత్రము తెలుగున అక్కినేని నాగేశ్వరరావు, తమిళమున జెమినీ గణేశన్. తమిళదేశపు తెలుగు కుటుంబములలో ఒకరు ఒకదానిని, మరియొకరు రెండవదానిని చూచి, అభిమన్యుని గూర్చి వాదించుకొన్నచో ఇరువురి మాటయు నిజమే కావచ్చును.

మూడవ తెగ ఇటీవలి కాలమున హెచ్చినది. శరత్ బాబు నవల ఆధారముగా వేదాంతం రాఘవయ్య 1953లోను, విజయనిర్మల 1974లోను ‘దేవదాసు’ను తీసిరి. వై. వి. ఎస్. చౌదరి 2006లో తీసిన ‘దేవదాసు’ కథ వేరు. బి. ఎన్. రెడ్డి 1951 నాటి ‘మల్లీశ్వరి’ కృష్ణదేవరాయల కాలమునాటి కథ. 2004 నాటి ‘మల్లీశ్వరి’ నేటి కాలపు కథ. 1955 నాటి ‘మిస్సమ్మ’కును 2003 నాటి ‘మిస్సమ్మ’కును సామాన్యమైనది పేరొక్కటియే. ప్రసిద్ధమైన పాత పేరు ప్రేక్షకుని చెవికి పరిచితమగుటచే క్రొత్త చిత్రమునకు కొంత ప్రచారము ముందే లభించును. అందు దోషము లేదు. కాని పాతదాని గుర్తు చెరగరాదు.

ఈ చిక్కు తీరుటకు మార్గము సులభమే. ఏ చిత్రమును పేర్కొన్నను భాష, విడుదలైన సంవత్సరము, దర్శకుడు, నిర్మాణ సంస్థ అను నాలుగింటిని జతపరుపవలెను. పాత పాటల పుస్తకములు, గ్రామఫోను రికార్డులు, కరపత్రములు ఇందుకు మిక్కిలి తోడ్పడును. ముఖపత్రము చినిగిపోయిన పాటల పుస్తకమును పేరును బట్టి మాత్రమే ప్రసిద్ధ చిత్రమునకు అంటగట్టరాదు. పాత్రధారుల పట్టికను పోల్చి చూడవలెను.

తెలుగు చలనచిత్రము బాల్యమున తెలుగునేల మీదనే పెరుగలేదు. తొలి ‘భక్త ప్రహ్లాద’కు మాతృక బళ్లారి నాటకము, దాని తొలి ప్రదర్శనము బొంబాయి, తొలి ‘లవకుశ’ జన్మస్థానము కలకత్తా, ‘మాయాబజార్’ది మద్రాసు. కావున దాని చరిత్రకు ఆధారములు ఆంధ్ర, తెలంగాణములలో మాత్రమే వెదకిన చాలదు. తరతరములుగా ఇతర ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పెట్టెలలో ఒక చిన్న పాటల పుస్తకము మిగిలియున్నను, అది మరుగుపడిన చిత్రమునకు ఏకైక సాక్షి కావచ్చును. అట్టిదానిపై సరియైన సంవత్సరమును వ్రాసి భద్రపరచుట భాషకు చేయు సేవయే.