లండన్‌కు తొలి ప్రయాణం: పేటల వారీగా వేసుకోవాల్సిన లెక్క

లండన్ ఒకే ఊరిగా పుట్టి పెరిగిన నగరం కాదు. క్రీస్తుశకం 50 ప్రాంతంలో రోమన్లు థేమ్స్ నది ఉత్తరపు ఒడ్డున కట్టుకున్న లండీనియం ఇప్పటి 'సిటీ' అయింది. బ్యాంకులూ బీమా కంపెనీలూ ఉన్నది అక్కడే. నది వెంట పడమరకు వెళ్తే రాజులూ క్రైస్తవ సన్యాసులూ పెంచిన వెస్ట్‌మినిస్టర్ వస్తుంది. వ్యాపారం ఒకచోట, రాచరికమూ పార్లమెంటూ మరొకచోట. ఈ రెండింటి మధ్య ఉన్న పొలాలు నిండిపోయాక, చుట్టూ ఉన్న కెన్సింగ్టన్, హాంప్‌స్టెడ్, గ్రీనిచ్ లాంటి విడి ఊళ్ళు కూడా ఒక్కొక్కటిగా కలిసిపోయాయి. అలా తయారైన మహానగరం ఇప్పుడు సుమారు 1,570 చదరపు కిలోమీటర్లు పరుచుకుంది. జనాభా దాదాపు 90 లక్షలు. అందువల్ల అక్కడ ఊరి నడిబొడ్డు అని ఒక్క చోటును చూపించడం కష్టం. చూడదగ్గవి నాలుగైదు పేటల్లో గుంపులు గుంపులుగా ఉంటాయి. ప్రసిద్ధ కట్టడాల పేర్లు వరుసగా రాసుకుని బయల్దేరినవారికి రోజులో సగం సొరంగ రైళ్ళలోనే గడిచిపోతుంది. రోజుకొక పేట చొప్పున పంచుకున్నవారు అంతే సమయంలో రెట్టింపు చూస్తారు. ఈ పద్ధతికి కనీసం ఐదు నిండు రోజులు కావాలి. వారం దొరికితే హాయి.

ఏ నెలలో వెళ్ళాలన్నది వానను బట్టి కాక వెలుతురును బట్టి తేల్చుకోవడం మంచిది. లండన్‌కు వానల ఊరని పేరుంది గానీ అక్కడ ఏడాదికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లే. హైదరాబాదులో అంతకన్నా ఎక్కువే కురుస్తుంది. కాకపోతే ఇక్కడ నాలుగు నెలల్లో కుండపోతగా పడే వాన అక్కడ ఏడాది పొడవునా తుంపరగా రాలుతుంది. గొడుగు కన్నా తలకు టోపీ ఉన్న పల్చటి రెయిన్‌కోటు ఎక్కువ పనికొస్తుంది. వెలుతురులో మాత్రం తేడా చాలా పెద్దది. జూన్ చివర్లో రాత్రి తొమ్మిది దాటాకే పొద్దు కుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. కాబట్టి మే, జూన్, సెప్టెంబరు నెలలు తొలి ప్రయాణానికి బాగా కుదురుతాయి. జూలై, ఆగస్టుల్లో బడి సెలవుల రద్దీ, హోటళ్ళ ధరల మంట తప్పవు. పైగా నేలలో బాగా లోతుగా వెళ్ళే పాత రైలు మార్గాల్లో ఏసీ ఉండదు కనుక ఉక్క కూడా తోడవుతుంది. క్రిస్మస్ దీపాలు చూడాలని డిసెంబరులో వెళ్ళేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. 25వ తేదీన నగరంలో రైళ్ళూ బస్సులూ నడవవు. ఆ రోజు బస చేసిన చోటి నుంచి ఎంత దూరం నడవగలిగితే అంతే ఊరు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా లండన్ సమయం భారత సమయానికి నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మిగతా నెలల్లో ఆ తేడా ఐదున్నర గంటలు.

బ్రిటన్‌కు వీసా విడిగా తీసుకోవాలి. ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాలకిచ్చే షెంజెన్ వీసా అక్కడ చెల్లదు. విహారయాత్రకు వెళ్ళేవారికీ, చదువుకుంటున్న పిల్లల స్నాతకోత్సవానికి వెళ్ళే తల్లిదండ్రులకూ స్టాండర్డ్ విజిటర్ వీసాయే సరిపోతుంది. దాని మీద మామూలుగా ఆరు నెలల వరకు ఉండవచ్చు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి సాధారణంగా మూడు వారాలు పడుతుంది గానీ పెళ్ళిళ్ళ ముహూర్తంలా రోజులు లెక్కపెట్టి చివరి నిమిషంలో పెట్టుకోకూడదు. ఖర్చు ఎవరు భరిస్తారు, తిరిగి రావడానికి ఇక్కడ ఏ ఉద్యోగమో, ఏ ఆస్తో, ఏ కుటుంబమో ఉందా అన్నవే అధికారులు ప్రధానంగా చూసేవి. ఖాతాలో హఠాత్తుగా వచ్చి చేరిన పెద్ద మొత్తం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. వీసా చేతికి రాకముందే రద్దు చేసుకోవడానికి వీల్లేని టికెట్లు కొనడం అనవసరపు సాహసం.

లండన్ పేరు పెట్టుకున్న విమానాశ్రయాలు అరడజను ఉన్నాయి. హైదరాబాదు నుంచి నేరుగా వెళ్ళే విమానం దిగేది హీత్రోలో. అక్కడి నుంచి నగరంలోకి మూడు రైళ్ళు ఉన్నాయి. చవకైనది పికడిల్లీ లైను, నగరం నడుమకు దాదాపు గంట పడుతుంది. 2022లో మొదలైన ఎలిజబెత్ లైను అరగంటలో ప్యాడింగ్టన్ చేరుస్తుంది, బోగీలు విశాలంగా ఉంటాయి. హీత్రో ఎక్స్‌ప్రెస్ పావుగంటలో అదే ప్యాడింగ్టన్‌కు తీసుకెళ్ళి అన్నిటికంటే ఎక్కువ వసూలు చేస్తుంది. ఆ పావుగంట ఆదా కోసం అంత ఇవ్వడం చాలామందికి గిట్టుబాటు కాదు, ఎందుకంటే ప్యాడింగ్టన్‌లో దిగాక మరో రైలు ఎక్కక తప్పదు.

బసకు ప్రసిద్ధ కట్టడాల పక్కనే గది వెతకాల్సిన పని లేదు. రవాణా కోసం నగరాన్ని మధ్య నుంచి బయటికి ఒకదాని చుట్టూ ఒకటిగా జోన్లు చేశారు. ఒకటో జోనులో అద్దెలు చుక్కలు చూపిస్తాయి. రెండో జోనులో, స్టేషనుకు నడిచేంత దూరంలో గది దొరికితే చాలు. పడమర హామర్‌స్మిత్ హీత్రో నుంచి నేరుగా వచ్చే పికడిల్లీ లైను మీదే ఉంది. తూర్పున స్ట్రాట్‌ఫర్డ్‌కు నాలుగు వైపుల నుంచీ రైళ్ళున్నాయి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే ట్యూబ్ అనే సొరంగ రైలు మార్గాలు ఆరు కలిసే కింగ్స్ క్రాస్ పరిసరాలకు సాటి లేదు. బుక్ చేసే ముందు లిఫ్టు ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. చవక హోటళ్ళలో చాలావరకు విక్టోరియా రాణి కాలపు ఇరుకు ఇళ్ళే. నాలుగో అంతస్తుకు సన్నటి మెట్ల మీద పెట్టెలు మోయడం పెద్దవాళ్ళ వల్ల కాదు. ట్యూబ్ స్టేషన్లలో కూడా మెట్లు లేకుండా రోడ్డు నుంచి రైలు దాకా వెళ్ళగలిగేవి మూడో వంతు మాత్రమే. మోకాళ్ళ నొప్పులున్నవారు అలాంటి స్టేషన్లను చూపించే పటాన్ని ముందే దగ్గర పెట్టుకోవాలి.

ట్యూబ్ అని అందరూ పిలిచే లండన్ అండర్‌గ్రౌండ్ ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు. 1863 జనవరిలో ప్యాడింగ్టన్, ఫారింగ్డన్‌ల మధ్య ఆవిరి ఇంజన్లతో మొదలైంది. ఇప్పుడు 11 మార్గాలు, 272 స్టేషన్లు. రంగురంగుల గీతలతో ఉండే దాని పటాన్ని హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీశాడు, 1933లో అది జనంలోకి వచ్చింది. నేల కింద ప్రయాణించేవారికి పైన ఉన్న అసలు దూరాలతో పని లేదు, ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నది తెలిస్తే చాలని అతను గ్రహించాడు. గీతలన్నీ నిట్టనిలువుగానో అడ్డంగానో ఏటవాలుగానో చక్కబెట్టి, స్టేషన్ల మధ్య ఎడాన్ని ఇంచుమించు సమానం చేశాడు. రైలు మారడానికి ఇంతకన్నా మంచి పటం లేదు, ఊరి దూరాలు తెలుసుకోవడానికి ఇంతకన్నా మోసపుచ్చే పటమూ లేదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు దూరం మూడు వందల మీటర్లు కూడా లేదు. పటం చూసి రైలెక్కేవారు మెట్లు దిగి, రైలు కోసం నిలబడి, మళ్ళీ పైకి వచ్చేలోపు నడిచినవారు అక్కడ టీ తాగేసి ఉంటారు. అందుకే రోజు ప్రణాళిక వేసేటప్పుడు ట్యూబ్ పటంతో పాటు మామూలు వీధుల పటం కూడా ముందు పెట్టుకోవాలి.

టికెట్ కోసం కౌంటరు దగ్గర నిలబడే రోజులు పోయాయి. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గానీ ఆయిస్టర్ కార్డు గానీ గేటు దగ్గర ఆనిస్తే చాలు. రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఛార్జీ ఒక పరిమితి దగ్గర ఆగిపోతుంది. ఈ ఏర్పాటుకు కొన్ని పద్ధతులున్నాయి. ప్రతి మనిషికీ విడి కార్డు ఉండాలి, నలుగురికీ కలిపి ఒకటి కుదరదు. 11 ఏళ్ళ లోపు పిల్లలకు మాత్రం టికెట్ కొన్న పెద్దల వెంట ట్యూబ్‌లో ఉచితం. రైలు దిగాక బయటి గేటు దగ్గర కూడా ఆనించాలి, మరిచిపోతే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే చాలు. పొద్దున కార్డు, సాయంత్రం అదే కార్డున్న ఫోను వాడితే యంత్రానికి అవి ఇద్దరు మనుషుల కిందే లెక్క, పరిమితి వర్తించదు. పనిదినాల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకూ, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకూ రద్దీ ఛార్జీలుంటాయి. తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే డబ్బూ మిగులుతుంది, నిలబడడానికి చోటూ దొరుకుతుంది. శని, ఆదివారాల్లో మరమ్మతుల కోసం కొన్ని మార్గాలు మూసేస్తుంటారు. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. తొందర లేనప్పుడు రైలు కన్నా బస్సే నయం. హామర్‌స్మిత్‌లో 9వ నంబరు బస్సు పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఆల్బర్ట్ హాలు, హైడ్ పార్కు అంచు, పికడిల్లీ, ట్రఫాల్గర్ స్క్వేర్ వరసగా కనిపిస్తాయి. టూరిస్టు బస్సులు దాదాపు ఇదే దృశ్యాన్ని ఎన్నో రెట్ల ధరకు అమ్ముతాయి.

ఇక పేటల సంగతి. మొదటి రోజును నదికి ఇవ్వడం తెలివైన పని. వెస్ట్‌మినిస్టర్ వంతెన దగ్గర పార్లమెంటునూ గడియారపు స్తంభాన్నీ చూసి, దక్షిణపు ఒడ్డుకు దాటి తూర్పుకు నడక మొదలుపెట్టాలి. 135 మీటర్ల లండన్ ఐ చక్రం, పాత విద్యుత్ కేంద్రంలో 2000లో తెరిచిన టేట్ మోడర్న్ ఆర్ట్ గ్యాలరీ, షేక్స్పియర్ కాలపు రూపంలో మళ్ళీ కట్టిన గ్లోబ్ నాటకశాల, బరో మార్కెట్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. సుమారు నాలుగు కిలోమీటర్ల నడక టవర్ బ్రిడ్జి దగ్గర ముగుస్తుంది. రెండు బురుజులతో ఫొటోల్లో కనిపించేది ఈ 1894 నాటి టవర్ బ్రిడ్జే. లండన్ బ్రిడ్జి అనేది దానికి కొంచెం ఎగువన ఉన్న సాదాసీదా వంతెన. నిద్రలేమితో ఉన్న శరీరానికి పగటి వెలుతురులో ఈ నడక మందులా పనిచేస్తుంది.

సిటీకి ఒక రోజు. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయాక క్రిస్టఫర్ రెన్ కట్టిన సెయింట్ పాల్స్ చర్చి, ఆ మంటల జ్ఞాపకంగా 311 మెట్లతో నిలిచిన మాన్యుమెంట్ స్తంభం, టవర్ ఆఫ్ లండన్ ఈ పేటవే. టవర్ కోట తలుపులు తెరిచేసరికి అక్కడ ఉండి ముందుగా రాజాభరణాల గదికి వెళ్ళాలి. మధ్యాహ్నానికి వరస చాంతాడంత అవుతుంది. పల్నాటి సీమలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు అక్కడే, 1937లో ఎలిజబెత్ రాణికి చేయించిన కిరీటంలో ఉంది. ఆ రాణి రెండో ఎలిజబెత్‌కు తల్లి. కిరీటాల ముందు నిలబడనివ్వరు, కదిలే పట్టీ మీద సాగిపోవాల్సిందే. సెయింట్ పాల్స్‌నూ వెస్ట్‌మినిస్టర్ ఆబీనీ ఆదివారం ప్రార్థనలకే తెరుస్తారు, సందర్శకులకు కాదు. బరో మార్కెట్‌కు సోమవారం సెలవు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మార్పిడి కూడా రోజూ ఉండదు. ఏ రోజు ఏ పేట అన్నది ఇలాంటివి చూసుకున్నాకే ఖాయం చేసుకోవాలి.

తెలుగువారు బ్లూమ్స్‌బరీకి ఒక పూట ఎక్కువే కేటాయించాలి. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది నిండా అమరావతి శిల్పాలున్నాయి. కృష్ణాతీరపు మహాస్తూపం చుట్టూ ఒకప్పుడు నిలిచిన ప్రాకారపు రాళ్ళు, స్తూపానికి తొడిగిన చెక్కుడు పలకలు అవి. 1845లో గుంటూరు ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్న వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపించాడు. అక్కడ కొన్నేళ్ళు ఎండకూ వానకూ పడి ఉన్నాక 1859లో ఓడలో లండన్‌కు తరలించారు. మార్బుల్స్ అన్న పేరు పడింది గానీ అవి పాలరాళ్ళు కావు, పల్నాటి సున్నపురాళ్ళు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాక పాదాలుగా, ఖాళీ ఆసనంగా చూపిన పాత పలకలనూ, మనిషి రూపంలోనే చెక్కిన తర్వాతి కాలపు పలకలనూ ఒకే గదిలో పోల్చి చూడవచ్చు. మిగిలిన రాళ్ళలో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కాలిన్ మెకంజీ అంతకు ముందే గీయించిన అమరావతి బొమ్మలు కింగ్స్ క్రాస్ పక్కన బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మ్యూజియం నుంచి పది నిమిషాలు నడిస్తే యూనివర్సిటీ కాలేజీ వస్తుంది. ఇండియా నుంచి తిరిగి వెళ్ళిన సి.పి. బ్రౌన్ తెలుగు ప్రొఫెసరుగా ఉన్నది అక్కడే. 1884లో పోయిన ఆయన సమాధి నగరానికి వాయవ్యాన కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. యూనివర్సిటీ కాలేజీకి దగ్గర్లోనే టావిస్టాక్ స్క్వేర్‌లో గాంధీ విగ్రహం ఉంది. అంబేడ్కర్ చదువుకునే రోజుల్లో ఉన్న ఇల్లు ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర మ్యూజియంగా మారింది.

మ్యూజియాలకు ఖర్చు లేకపోవడం లండన్ చేసే పెద్ద మర్యాద. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, సౌత్ కెన్సింగ్టన్‌లో ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న విక్టోరియా అండ్ ఆల్బర్ట్, నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియాలు అన్నిటికీ ప్రవేశం ఉచితం. టికెట్ పెట్టలేదు కనుక ఒక్కరోజే అంతా చూసి తీరాలన్న పంతం అక్కర్లేదు. రెండు గంటలు చూసి, మరో పూట మళ్ళీ రావచ్చు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం డబ్బు కట్టాలి. మిగిలిన రోజుల్లో ఒకటి గ్రీనిచ్‌కు పెట్టుకుంటే పడవలో వెళ్ళి, సున్నా డిగ్రీల రేఖాంశం మీద నిలబడి, 1902 నాటి సొరంగంలో నది కింద నడిచి రావచ్చు.

తిండికి తెలుగువారు కంగారు పడాల్సిన పని లేదు. యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో శాకాహార భోజనశాలలున్నాయి. తూర్పున ఈస్ట్‌హామ్‌లో ఇడ్లీ, దోసె, బిర్యానీ దొరకని వీధి ఉండదు. మధ్యాహ్నానికి సూపర్ మార్కెట్లలో శాండ్‌విచ్, చిరుతిండి, పానీయం కలిపి ఒకే ధరకు అమ్మేది చవక. కుళాయి నీళ్ళు తాగొచ్చు. నగదు పెద్దగా అక్కర్లేదు, కొన్ని కొట్లలో అసలు తీసుకోరు. ఎవరైనా ఇచ్చిన పాత కాగితపు పౌండ్లు వెంట తీసుకెళ్ళడం దండగ. ప్లాస్టిక్ నోట్లొచ్చాక అవి కొట్లలో చెల్లవు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో మార్చుకోవాలి. అక్కడి ప్లగ్గుకు మూడు దీర్ఘచతురస్రపు కాళ్ళుంటాయి కనుక అడాప్టర్ కావాలి. రోడ్డు పక్కన నిలబడి ఫోనులో దారి చూసేటప్పుడు సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోయేవాళ్ళున్నారు. గోడ వైపు తిరిగి చూసుకోవడం మేలు. అత్యవసరానికి 999.

తిరుగు ప్రయాణం నాడు టికెట్ మీద టెర్మినల్ నంబరు చూసుకోవాలి. హీత్రోలో 2, 3 టెర్మినళ్ళకు ఒకటే స్టేషను. 4, 5 టెర్మినళ్ళు విడివిడిగా దూరాన ఉంటాయి. అన్ని రైళ్ళూ అన్నిటికీ పోవు కాబట్టి ప్లాట్‌ఫారం మీద బోర్డు చదివి ఎక్కాలి.