అడిగిన చోటల్లా పేరు ఎక్కుతుంది!

ఆకుమళ్లు పోశారు. ఉభాల నాటికి దమ్ముకి, కూలీలకి, ఎరువుకి మదుపు కావాలి. సొసైటీలో ఆలస్యమవుతుందేమోనని బ్యాంకులో కాగితాలిస్తారు. అక్కడ తేలకపోతే ఫైనాన్స్ కంపెనీకి వెళ్తారు. ఈలోగా ఇంట్లో కుర్రాడు సెల్‌ఫోనులో ఓ యాప్‌కి వివరాలిస్తాడు. నాలుగు చోట్ల అడిగితే ఒక్కచోటైనా పుడుతుందని మన లెక్క. బ్యాంకు లెక్క వేరు. అడిగిన ప్రతిచోటా మీ అప్పుల చిట్టా తీసి చూస్తారు. చూసిన సంగతి కూడా ఆ చిట్టాలోకే ఎక్కుతుంది.

చిట్టా ఎవరి దగ్గరుంది?

దేశంలో అప్పుల సమాచారం సేకరించే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో మొదలైంది. 2005 నాటి చట్టం ప్రకారం ఇవన్నీ రిజర్వు బ్యాంకు అదుపులో నడుస్తాయి. పంట రుణం, బంగారం అప్పు, ట్రాక్టరు వాయిదాలు, గ్రూపు అప్పు... బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఈ లెక్కలన్నీ వీటికి పంపుతాయి. దాన్నిబట్టి 300 నుంచి 900 వరకు మార్కులు పడతాయి. ఊళ్లో అందరూ ‘సిబిల్’ అనేది ఈ మార్కునే.

చూడటంలో రెండు రకాలు

కొత్త అప్పుకి దరఖాస్తు పెడితే బ్యాంకు చిట్టా తీసి చూస్తుంది. దీన్ని ఎంక్వయిరీ అంటారు. ఒక్క ఎంక్వయిరీకి తగ్గేది కొద్ది మార్కులే, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. కాని నెల తిరక్కుండా నాలుగైదు కనిపిస్తే, ఈ మనిషి డబ్బుకి కటకటలాడుతున్నాడు, ఎవరూ ఇవ్వడం లేదు కాబోలు అని అయిదోవాడు అనుమానిస్తాడు.

మీ చిట్టా మీరే తీసి చూసుకుంటే మాత్రం మార్కు తగ్గదు. ఉన్న ఖాతాను బ్యాంకు తనంతట తాను సమీక్షించుకున్నా తగ్గదు. ‘చూస్తే తగ్గిపోతుందట’ అని భయపడి చూసుకోకపోవడమే నష్టం.

షోరూములో జాగ్రత్త

ట్రాక్టరు కొనేటప్పుడు ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చి సంతకం పెట్టి వచ్చేస్తాం. ఆ కాగితాలు మూడు నాలుగు కంపెనీలకు వెళ్లవచ్చు. మీరడిగింది ఒక్క ట్రాక్టరే, చిట్టాలో నాలుగు ఎంక్వయిరీలు! ‘ఏ కంపెనీకి పంపుతున్నారో నాకు చెప్పాకే పంపండి’ అని ముందే అనండి.

అసలు దెబ్బ వాయిదా తప్పితేనే

ఎంక్వయిరీ చిన్న దెబ్బ. గడువు దాటిన బాకీ పెద్ద దెబ్బ. మీరు జామీను ఉన్న అప్పు మొండిపడినా ఆ మచ్చ మీకూ అంటుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. అలాంటి విపత్తులో గడువు పొడిగించేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వీలుంది. గడువు దాటకముందే బ్యాంకుకి అర్జీ ఇవ్వాలి.

మార్కు పోతే నష్టమెంత?

2025-26 లెక్కనే చూడండి. లక్ష రూపాయల పంట రుణానికి 7 శాతం వడ్డీ. సకాలంలో కడితే 3 శాతం రాయితీ పోను ఏడాదికి 4 వేలు. అదే లక్ష బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 24 వేలు. ఏడాదికి తేడా 20 వేలు!

మీరు చేయాల్సినవి

* ఏడాదికోసారి నాలుగు కంపెనీల నుంచీ పూర్తి చిట్టా ఉచితంగా తీసుకోవచ్చు. ఈ సౌకర్యం 2017 నుంచి ఉంది.

* ఎంక్వయిరీల పేజీ చూడండి. మీరు ఎన్నడూ అడగని సంస్థ పేరుంటే, కట్టేసిన అప్పు ఇంకా బాకీగా ఉంటే ఆ కంపెనీకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి రూ.100 చొప్పున మీకివ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అప్పటికీ తేలకపోతే అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఫోన్ నంబరు 14448.

* మన గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. మీ పాత అప్పు రెండు పేర్లతో రెండుసార్లు పడలేదు కదా, సరిచూసుకోండి.

* చిట్టా ఎవరైనా తీస్తే మీ ఫోనుకి మెసేజి రావాలి. బ్యాంకులో మీ ఇప్పటి నంబరే ఉందో లేదో చూసుకోండి.

* మొదటిసారి అప్పు అడిగేవారికి పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. కనీసం ఇన్ని మార్కులుండాలని అది ఎక్కడా చెప్పలేదు.

* దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడగండి. ఆ కాగితం చూసుకున్నాకే రెండో చోటికి వెళ్లండి.

అప్పు కావాల్సిన సీజనుకి రెండు నెలల ముందే చిట్టా తీయండి. తప్పులుంటే దిద్దించుకోండి. తర్వాత 1-బి, అడంగల్, పాస్‌బుక్కు పట్టుకుని వడ్డీ తక్కువున్న ఒక్క గుమ్మమే ముందు తొక్కండి.